డోలీ ఎవరికి?

ఉగాండాలో అడవిని ఆనుకున్న కొండ మీద కేడ్రెస్ ఇల్లు. రోగుల్ని ఆసుపత్రికి మోసుకుపోయే వెదురు డోలీ ఆ ఇంటి చూరుకే వేలాడుతుంది, ఎందుకంటే డోలీ సంఘానికి ఆమె భర్త అధ్యక్షుడు, ఆయనకు ఆమె అధ్యక్షురాలు. చిక్కుడుకాయలు ఒలవడానికి అడవి గార్డు భార్య ప్రోవియా సాయం వచ్చింది. ఒలిచినవి ఓ గుప్పెడుంటాయి.

“మా ఆయన సంగతి మాత్రం నన్నడక్కు తల్లీ. పార పట్టమంటే నడుం నొప్పి. మేకకి గడ్డి కొయ్యమంటే నడుం నొప్పి. కొండవతల ఎవరింట్లోనో జొన్నకల్లు వడగట్టారని తెలిస్తే మాత్రం ఆ నడుమే మేకపిల్లై గంతులేస్తుంది.”

“మరి ఇవాళ ఏ గంతు, కేడ్రెసక్కా? పొద్దున్నించీ మనిషి కనపళ్ళేదు.”

“ఉప్పు తెస్తానని పోయాడు. సముద్రం దాకా పోయాడేమో. ఊళ్ళో రోగులందర్నీ మోయించే మనిషి, ఇంట్లో కట్టెలమోపు మొయ్యడు.”

“నువ్వేం అన్నావో ఏమో.”

“నేనేం అంటాను? మాంసం మొహం చూసి ఎన్నాళ్ళయిందో, ప్రోవియా వాళ్ళింటి పొగ వాసన నంజుకుని గంజి తాగుతున్నాం, అన్నాను. అంతే. అదీ ఓ అనడమేనా?”

“మా ఇంట్లో మాత్రం ఏం వండేసుకుంటున్నాం అక్కా! గార్డు ఉద్యోగం పేరుకే గొప్ప. ఇవాళా పైదారిన పోయాడు. అడవిలో ఎవరో తీగ ఉచ్చులు పెడుతున్నారట. ఓ ఉచ్చు దగ్గర నెత్తురు మడుగు కట్టి ఉందట. మరకలు పట్టుకుని కిందికి దిగుతున్నాం అని ఇందాకే ఫోన్ చేశాడు.”

“ఇంకెవరు, అడవిలోంచి తోలేసిన ఆ ట్వా వాళ్ళే.”

“వాళ్ళే. అడవిలో అడుగుపెడితే జైలని తెలుసు, అయినా...”

“తెలిస్తే? గొరిల్లాల్ని చూడ్డానికొచ్చే తెల్లవాళ్ళు ఎన్ని తెచ్చి పెట్టినా నాలిక ఊరుకోదు. అదిగో, మాట్లాడుతుండగానే దిగింది. ఆ పరిగెత్తుకొచ్చేది జెనీనా కాదూ? మన కుండల జెనీనా?”

“ఆ ముసిల్దే. ఏం పరుగు!”

“కేడ్రెసమ్మా... దండాలమ్మా... ప్రోవియమ్మా, దండాలు...”

“ఆఁ ఆఁ, అక్కడే ఆగు. గుమ్మడిపాదు తొక్కకు. ఏవే జెనీనా, కుండలేం తేలేదే?”

“కుండలకి కాదమ్మా. డోలీ కావాలి. ఒక్కసారి ఇలా పక్కకొస్తే చెబుతాను.”

“పక్కకెందుకు? ప్రోవియా ఏమన్నా పరాయిదా?”

“పరాయని కాదమ్మా. ఒక్క మాట. చెవిలో.”

“నా చెవిలోనా! నువ్వంత దగ్గరికొస్తే నాకు ఊపిరాడుతుందీ? ఆ దూరాన్నించే చెప్పు, వినపడుతుంది.”

“కాలు తెగిందమ్మా. ఎముక కనపడుతోంది. నెత్తురాగట్లేదు. ఆసుపత్రికి మొయ్యాలి.”

“ఎవరికే?”

“మా ఇంట్లోనమ్మా.”

“మీ ఇంట్లో ఎవరికీ అని?”

“మా ఇంట్లో... పడుకోబెట్టామమ్మా.”

“అడిగిందేంటి, చెప్పేదేంటి! కేడ్రెసక్కా, వాళ్ళబ్బాయి సబీతికేలే. ఆ ఇంట్లో వాడు తప్ప తిరిగే మగాడెవడున్నాడు! ఎలా తెగిందే ముసలీ?”

“కట్టెలు కొడుతుంటే ప్రోవియమ్మా. గొడ్డలి జారింది.”

“గొడ్డలా, తీగా?”

“గొడ్డలేనమ్మా.”

“తీగకి తెగితే చుట్టూ కోసుకుపోతుంది. గొడ్డలికి తెగితే ఒక పక్కే తెగుతుంది. ఎలా ఉంది?”

“నాకేం తెలుసమ్మా, ఆడదాన్ని.”

“నేనూ ఆడదాన్నే. నాకు తెలియట్లా?”

“ప్రోవియా, నువ్వుండు. చూడు జెనీనా, డోలీ నా పుట్టింటి సారె కాదు, సంఘానిది. సంఘంలో ఉన్న ఇల్లు అందర్నీ మోస్తుంది, దాన్ని అందరూ మోస్తారు. మీరు సంఘంలో లేరు.”

“చేరతామంటే చేర్చుకోలేదు కదమ్మా. నేలున్నవాళ్ళకే అన్నారు.”

“నేలున్నవాడు ఊరొదిలి పోడు. మీరు ఇవాళుంటారు, రేపుండరు.”

“ఎక్కడికి పోతామమ్మా? పోయే చోటంటూ ఉంటే అడవిలోంచి తోలేసినప్పుడే పోయేవాళ్ళం.”

“మొదలెట్టింది! అడవి, అడవి, అడవి! తోలేశారు, సరే. తోలేసి ఊరికే వదిలేశారా? రేకుల ఇళ్ళిచ్చారు. దుప్పట్లిచ్చారు. మా మామగారు చచ్చేదాకా కురిసే గడ్డి కిందే పడుకున్నాడు. ఏ తెల్లవాడూ వచ్చి, ‘ఏం తాతా, నీకో రేకు కావాలా’ అనలేదు. అన్నాడా కేడ్రెసక్కా?”

“ఎందుకంటాడు? మనం నేల దున్నుకునే కిగా వాళ్ళం, మనల్ని చూస్తే ఎవడికి ఏడుపొస్తుంది? మా మామగారి నేలచెక్క అన్నదమ్ములకి పంచితే, నా వంతులో చాప పరిస్తే ఆ కొస పక్కవాడి గట్టు మీద పడుతుంది. అందులో చల్లింది కోతులు తింటాయి. పరిహారమని అడిగితే, ఏ కోతి తిందో చూపించమంటారు గార్డులు.”

“మా ఆయన్నెందుకంటావక్కా, ఆయన చేతిలో ఏముంది?”

“తుపాకీ ఉంది కదా. అది కోతికి పెట్టడు, నాకు పెడతాడు. మా పెద్దపిల్ల చదువు మానేసి జొన్న ఏరుతోంది. వీళ్ళ పిల్లలకి బట్టలూ పుస్తకాలూ ఇంటికొచ్చి ఇచ్చి పోతారు. ఒక్కోసారి నాకనిపిస్తుందే జెనీనా, దేవుడు పొరపాటున నన్ను కిగా కడుపున వేశాడని. ట్వా కడుపున పడితే ఎంత సుఖం!”

“మార్చుకుందామా అమ్మా?”

“ఏంటి?”

“ఇప్పుడే. నేనీ వాకిట్లో కూచుని చిక్కుళ్ళు ఒలుస్తాను. మీరెళ్ళి నా రేకుల కింద కూచోండి. పైన రేకు మాది, కింద మన్ను చర్చిది. గుంజ పాతాలన్నా అడగాలి. మనిషిని పాతాలన్నా అడగాలి. బడంటారా, మీ పిల్ల బడికెళ్తే ఏదో ఒకనాటికి టీచరవుతుంది. మా పిల్లలు బడికెళ్తే ఫొటో అవుతారు.”

“అబ్బో, నోరు చూడక్కా దీనిది! తెల్లవాళ్ళ ముందు ఆటలాడి సంపాదిస్తున్నారుగా?”

“తేనె తీసే ఆట ఆడమంటారు ప్రోవియమ్మా. తేనె తీస్తే మీ ఆయన జైల్లో పెడతాడు. తీసినట్టు ఆడితే సబ్బుబిళ్ళ ఇస్తారు.”

“ఆ సబ్బు వాడినట్టు మాత్రం లేదు.”

“సబ్బు తినలేం కదమ్మా, అమ్ముకుంటాం. గొరిల్లాకి జలుబు చేస్తే డాక్టరు మందులపెట్టె నెత్తిన పెట్టుకుని కొండెక్కుతాడు. కేడ్రెసమ్మా, మీకు జ్వరమొస్తే ఎవడన్నా ఎక్కాడా?”

“హహ! అది మాత్రం నిజమేనే. మా రెండోవాడికి జ్వరమొచ్చినప్పుడు నేనదే అన్నాను. ఒరే, ఒళ్ళంతా వెంట్రుకలు మొలిపించుకుని ఆ పొదలో కూచోరా, డాక్టరు తనే వస్తాడు, అన్నాను.”

“డోలీ ఇప్పించండమ్మా.”

“మళ్ళీ మొదటికొచ్చింది! కూచో, జావ తాగి పో. కోళ్ళగూటి మీద నీ సొరబుర్ర బోర్లించి ఉంది, తెచ్చుకో. పైనించి పోస్తాను.”

“తాగే తీరిక లేదమ్మా.”

“చల్లగా ఉందే. నువ్విచ్చిన కుండలోదే.”

“నేను చేసింది కాబట్టి చల్లగానే ఉంటుందమ్మా. డోలీ...”

“ఇదే నాకు మండేది! పోనీ కదా అని పొయ్యబోతే అక్కర్లేదంటుంది.”

“జొన్నకోతలప్పుడూ మీరు జావే పోశారమ్మా. అప్పుడూ నేను డోలీకే వచ్చాను.”

“ఆఁ. నీ కోడలి కాన్పుకి. గుర్తుంది. ఆ పిల్ల పేరు... ఏదో ఉందిలే.”

“మొనీకా.”

“అదే. అప్పుడూ ఇదే చెప్పాం కదా.”

“మీరు చెప్పారమ్మా. అయ్యగారు ఇద్దామా వద్దా అని గడ్డం గోక్కున్నారు. మీరు లేచి...”

“లేచే చెప్పాను. చాటున చెప్పలేదు. ఇవాళ ట్వా మనిషిని మోస్తే రేపు ట్వా శవాన్నీ మొయ్యాలి, ఆ డోలీలో ఎల్లుండి మన పిల్లలు పడుకోవాలి, అన్నాను. మీటింగంతా చప్పట్లు కొట్టింది. ఏం, అబద్ధమా?”

“నేను అబద్ధమన్నానా అమ్మా?”

“మరి పెద్దాసుపత్రికి నడిపించకపోయారా?”

“బిడ్డ చెయ్యి బయటికొచ్చాక ఎలా నడుస్తుందమ్మా?”

“...ఆ కాయలిలా తొయ్యి ప్రోవియా. ఒలిచేవాళ్ళు లేరు గానీ మాట్లాడేవాళ్ళు మాత్రం బోలెడు.”

“నీ ఫోన్ కాదు కదక్కా మోగేది? నాదే. ఆఁ, చెప్పండి. ఆఁ. వాగు దాకానా? వాగు దగ్గర మరకలు పోయాయా? చూడండి, అవతలి ఒడ్డున దొరుకుతాయి. ఆఁ, నేనా, కేడ్రెసక్క వాళ్ళింట్లో. ఉంటా. అక్కా, వాగు దాకా వచ్చేశారట. వాగు దాటితే వీళ్ళ గుడిసెలే కదే ముసలీ?”

“అవునమ్మా. ప్రోవియమ్మా, మాటల్లో పడి మర్చిపోయాను. వస్తూ చూశాను, మీ మేక తాడు తెంపుకుంది.”

“ఏ మేక?”

“చెవి మీద మచ్చ ఉంటుందే, అది. మీ ఆలుగడ్డ మళ్ళో పడి మేస్తోంది.”

“ఓసి నీ నోరు పడిపోనూ! అది కదే ముందు చెప్పాల్సింది! అక్కా, ఇప్పుడే వస్తా. నేనొచ్చేదాకా దీన్ని పోనివ్వకు, సబీతి సంగతి తేలాలి!”

ప్రోవియా కొంగులోని కాయలు నేల మీద కుమ్మరించి పరిగెత్తింది. జెనీనా గుమ్మడిపాదు తొక్కుకుంటూ వాకిట్లోకి వచ్చేసింది.

“ఏయ్, పాదు! పాదే! ఎక్కడికే మీదికొచ్చేస్తున్నావు?”

“మేక కట్టేసే ఉందమ్మా.”

“ఏంటీ?”

“ఆమెని పంపడానికన్నాను. మా ఇంట్లో పడుకున్నది సబీతి కాదు. మీ ఆయన.”

“ఛీ, నోర్ముయ్. ఆయన ఉప్పుకెళ్ళాడు.”

“ఉప్పు ఆయన జేబులోనే ఉందమ్మా, పొట్లం కట్టి. మాంసానికి రాయడానికట.”

“...ఏ మాంసానికి?”

“పడితే కదా చెప్పడానికి. తను పెట్టిన ఉచ్చులో తనే కాలు పెట్టాడు. లాక్కున్న కొద్దీ తీగ కోసింది. అరుపు విని సబీతి అడవిలోకి దూరి, వీపున వేసుకుని మా ఇంటికి తెచ్చాడు.”

“ఓసి పాపిష్టిదానా! ఇంతసేపు... ఇంతసేపు గొరిల్లా జలుబు చెబుతూ కూచున్నావా! రాగానే చెప్పొద్దూ!”

“గార్డు పెళ్ళాం పక్కన కూచుంటే ఏం చెప్పనమ్మా? పక్కకి రమ్మన్నాను. మీరు ఊపిరాడదన్నారు.”

“ఆయన పేరొక్కటి అంటే చాలదూ!”

“ఆయనే చెప్పి పంపాడు. నా పేరెత్తకు, జైల్లో పెడతారు. డోలీ కావాలని అడుగు చాలు. మా కేడ్రెస్ నోరు చెడ్డది గానీ, ఎవరడిగినా ఇస్తుంది, అన్నాడు.”

“అలా అన్నాడా?”

“అన్నాడమ్మా.”

“ఎలా ఉన్నాడు? స్పృహలో ఉన్నాడా? మాట్లాడుతున్నాడా?”

“పొద్దున అరిచాడు. తర్వాత తిట్టాడు. నేను బయల్దేరేటప్పుడు నవ్వాడు.”

“నవ్వాడా? అమ్మయ్య. నవ్వాడంటే తేరుకున్నట్టేగా?”

“మొనీకా కూడా చివర్లో నవ్విందమ్మా.”

“అలా చూడకే. అలా చూస్తూ చెప్పకు. కట్టు కట్టారా?”

“కట్టాం. నేను కట్టుకునే గుడ్డే చించాను. తడిసిపోతోంది. మొనీకా చాప మీద పడుకోబెట్టాం, ఇంకో చాప లేదు. జావ అడిగితే మా బుర్రతోనే పట్టాను.”

“మా ఆయన! మీ బుర్రతో తాగాడా?”

“తాగడం ఇవాళ కొత్త కాదులెండి.”

“ఓరి నా మొగుడో! ఇంట్లో నేను మీ బుర్ర కోళ్ళగూటి మీద పెడుతుంటే... సరే, అది తర్వాత తేల్చుకుంటాను. బతికొస్తే తేల్చుకుంటాను. బండి పిలుద్దామా? బండి ఎక్కుతుందా మీ దగ్గరికి?”

“మేకే జారే దారమ్మా. బండెక్కడిది!”

“మరి మీవాళ్ళే మోసుకుపోవచ్చుగా? నేనిప్పుడే డోలీ ఇస్తాను. తీసుకో. ఇదిగో, దించుతాను, పట్టు.”

“మేమా? నెత్తురోడే కిగా మనిషిని ట్వా భుజాల మీద చూస్తే ఊరివాళ్ళేమంటారమ్మా? కొట్టి చంపి మోసుకుపోతున్నారంటారు. ఆసుపత్రి దాకా కూడా పోనివ్వరు, దారిలోనే సబీతిని రాళ్ళతో... పైగా ఉన్నది వాడూ, వాడి ముసలి మామ. రెండు కొండలు ఎక్కి దిగాలి. మీవాళ్ళే రావాలి.”

“మావాళ్ళు... అవును, మావాళ్ళు. జెనీనా, ఒక మాట చెప్పు. ఆ పిల్లకి మేం ఇవ్వకపోతిమి. నువ్వెందుకొచ్చావు?”

“మంచిదాన్ననుకోకండమ్మా. ఆయన మా ఇంట్లో చచ్చిపోతే సబీతిని పట్టుకుపోతారు. గార్డులు వాగు దాటే లోపల ఆయన మా ఇంట్లో ఉండకూడదు. అందుకొచ్చాను.”

“మరి మోసేవాళ్ళని ఎక్కణ్ణించి తేనే?”

“మీ మగాళ్ళంతా ఎదుటి కొండ మీద, కకూరు చేలో గట్టు వేస్తున్నారు. వస్తూ చూశాను. కేకెయ్యండి.”

“ఎవడన్నా ఒకణ్ణి ఇక్కడికి పిలిచి చెవిలో చెబితే?”

“వాడు లోయ దిగాలి, ఎక్కాలి, విని మళ్ళీ దిగాలి, ఎక్కాలి. అంతసేపు ఆయన ఆగుతాడా? కేకెయ్యండి. పేరు మాత్రం ఎత్తకండి. లోయలో కేకేస్తే వాగు దాకా వినపడుతుంది. ప్రోవియమ్మకీ వినపడుతుంది.”

“కకూరూ... ఓ కకూరూ...!”

“ఓ...య్! ఎవరూ, కేడ్రెస్ పిన్నా?”

“డోలీ ఎత్తాలిరా! అందరూ రండి! పరిగెత్తుకు రండి!”

“ఎవరికీ?”

“కాలు తెగిందిరా! నెత్తురు పోతోంది!”

“ఎవరికి పిన్నీ? ఎవరింటికి రావాలీ?”

“...ఏం చెప్పనే జెనీనా?”

“ఇంటి పేరు చెప్పండమ్మా. మా ఇంటిది.”

“జెనీనా ఇంటికిరా!”

“ఎవరూ?”

“కుండల జెనీనా! ట్వా వాళ్ళింటికి!”

“హహ్హహ్హ! ఏం పరాచికం పిన్నీ! పనిలో ఉన్నాం!”

“పరాచికం కాదురా చచ్చినోడా! రండి!”

“అక్కడికి డోలీ పోదు కదా! అధ్యక్షుణ్ణి చెప్పమను! బాబాయేడీ?”

“...ఉప్పుకెళ్ళాడు!”

“అయితే రానీ! ఆయనొచ్చి చెబితే చూద్దాం!”

“వాళ్ళు మళ్ళీ పారలు పట్టుకుంటున్నారే జెనీనా. అయ్యో, వంగుతున్నారు.”

“పిలవండమ్మా.”

“కకూరూ! ఒరే నాయనా! ఈ ఒక్కసారికి రండిరా!”

“నువ్వే కదా పిన్నీ మీటింగులో లేచి వద్దన్నావు! మేం చప్పట్లు కూడా కొట్టాం!”

“అన్నానురా!”

“ఏంటీ? గాలికి వినపట్టంలా!”

“అన్నానూ! అన్నది తప్పూ!”

“తప్పా? ఎవరిదీ?”

“అయ్యో జెనీనా, ప్రోవియా వాకిట్లోకొచ్చి చూస్తోంది. కొండలన్నీ వింటున్నాయే.”

“వినాలి కదమ్మా. గట్టిగా చెప్పండి, లోయ పెద్దది.”

“నాదిరా! తప్పు నాది! మొనీకా... ఆ పిల్ల పేరు మొనీకారా... ఆ పిల్లకి ఇవ్వొద్దన్నది నేను! నేను చేసింది తప్పు, వింటున్నారా, ఇంకా గట్టిగా చెప్పాలా? తప్పు నాదే! రండిరా!”